వాపసొచ్చిన ఆకుపచ్చ గౌను

పోయిన వారం ముక్కుపిన్నిని గోదాములో, ఏడో నంబరు బల్ల ముందు, చేతిలో ఆకుపచ్చ గౌనుతో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ముందు ఆమెను అక్కణ్ణుంచి కదిలిద్దాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఫోన్లో బొమ్మ చూసి బట్టలు తెప్పించుకుని, నచ్చలేదని తిప్పి పంపే జనం ఉన్నారు కదా, ఆ వాపసు బట్టలన్నీ చేరే చోటే ఈ గోదాము. 'ఏడు రోజులు మీదే' అన్నది కంపెనీవాళ్ల మాట. ముందు తెప్పించుకోండి, ఇంట్లో వేసి చూసుకోండి, నచ్చితేనే డబ్బు కట్టండి, లేదంటే వారంలోపు పంపించెయ్యండి అంటారు. అద్దం ముందు ఒకసారి వేసుకుంటే తప్పు లేదు. ఊరంతా తిరిగొచ్చి పంపితే తప్పు. ఏది అద్దం చూసిందో ఏది ఊరు చూసిందో తేల్చడానికి ఎనిమిది బల్లలు, ఎనిమిది మంది ఆడవాళ్లు. పంపినవాళ్ల పేరు బల్లల దాకా రాదు, కవరు మీద నంబరే ఉంటుంది. తాజాదైతే నీలం బుట్ట, వాడిందైతే ఎర్ర బుట్ట. ఎర్ర బుట్టలో పడితే డబ్బు కట్టాల్సిందే, పైగా పంపినవాళ్ల పేరు మీద ఒక ఎర్ర గుర్తు. మూడు గుర్తులు పడితే ఆ కంపెనీ తలుపు వాళ్లకిక మూసుకుపోయినట్టే.

ఆ ఎనిమిది మందిలో మన పిన్నిది పెద్ద పేరు. మెడ దగ్గర రవ్వంత పౌడరు, చంకలో ఆరిన చెమట, అంచుకు పట్టిన వీధి దుమ్ము, ఎవరో పక్కన నిలబడి కాల్చిన సిగరెట్టు, ఆమె ముక్కు కన్నుగప్పి పోయిన బట్ట లేదు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. కొత్తగా చేరినవాళ్ల నుంచి సూపర్‌వైజరు దాకా అందరికీ ఆవిడ ముక్కుపిన్నే. అంతటి ముక్కుతో ఆకుపచ్చ గౌనును చూసి, తాజాదే అని నీలం బుట్టలో వేయబోతుంటే పక్క బల్లావిడ ఆపింది. వయసులో చిన్నది, పిన్నంటే గౌరవం ఉన్నది. గౌను ఒకసారి తన ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు మొహమాటపడి, "పిన్నీ, దీనికి మీ వాసనొస్తోంది" అంది. అక్కడే కదా మనం ఆగింది.

పిన్నికి ముందు కోపం వచ్చింది. తన చెయ్యి తగిలి అంటుకుని ఉంటుందిలే అంది. పక్క బల్లావిడ తల అడ్డంగా ఊపింది. కవరు ఇప్పుడే కోశారనీ, కవరు లోపల కూడా అదే వాసన ఉందనీ చెప్పింది. అది నొప్పుల మందు వాసన. పిన్ని బట్టల నుంచి, భోజనం డబ్బా సంచీ నుంచి రోజూ వచ్చేదే. ఇంతకుముందు తన బల్లకు కూడా అలాంటివి రెండు మూడొచ్చాయనీ, వాటిని ఎర్ర బుట్టలోనే వేశాననీ, ఎందుకో మనసొప్పక ఇన్నాళ్లూ చెప్పలేదనీ అంది.

పిన్ని గౌనులో ముఖం పెట్టి మళ్లీ పీల్చింది. కొత్త బట్ట గంజి వాసన తప్ప ఇంకేమీ తెలియలేదు. మనిషి ముక్కుకు అదొక జబ్బు. ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ పసిగడుతుంది గానీ సొంత ఇంటి వాసన మాత్రం దానికి అందదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి వల్ల కానిది ఏడో నంబరు బల్ల వల్ల ఏమవుతుంది?

తేలని బట్టల కోసం బల్ల కింద ఒక అర ఉంటుంది. అందులో పెట్టినదాన్ని మర్నాడు పది గంటలకల్లా ఏదో ఒక బుట్టలో వెయ్యాలి. పిన్ని ఆకుపచ్చ గౌనును అందులో పెట్టి, తలనొప్పని చెప్పి గంట ముందే బయలుదేరబోయింది. బల్లకు ఎదురుగా గోడ మీద అంటించిన నిబంధనల కాగితం ఉంది. తొమ్మిదేళ్లుగా రోజూ కనబడేదే, ఆ రోజు మాత్రం ఐదో వాక్యం దగ్గర కన్ను ఆగింది. ఇంటివాళ్ల బట్టలు తన బల్లకు వస్తే ముట్టుకోకుండా చెప్పాలి, చెప్పకుండా తాజాదని వేస్తే ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగం మీదే వాళ్లిల్లు నడుస్తోంది. భర్త లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీద, మిగతా పది రోజులు లారీ కింద. లారీ ఎప్పుడు తిరుగుతుందో ఎప్పుడు పడకేస్తుందో చెప్పలేం.

బస్సులో పిన్ని తన జాకెట్ చెయ్యి వాసన చూసుకుంది. ఏమీ లేదు. పక్కన కూర్చున్న పెద్దావిడను, నా దగ్గర ఏదైనా వాసనొస్తోందా అండీ అని అడగనే అడిగింది. అలా అడిగేవాళ్లకు ఏం జవాబు చెబుతారు? ఆవిడ కాస్త జరిగి కూర్చుని, ఏం లేదమ్మా అంది. తర్వాత జాలిపడి, నొప్పుల మందు మాత్రం కొంచెం ఘాటుగా ఉంది, మా ఇంట్లోనూ అదే వాడతాం అని ఓదార్చింది. అత్తగారు మోకాళ్లకు పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి ఆ మందు రాస్తుంది. రెండే గదుల ఇల్లు. గోడలు కూడా దాన్ని పీల్చుకుని ఉంటాయి.

*

మూడో అంతస్తు ఎక్కేసరికి తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అత్తగారి నవ్వు వినబడింది. పిన్ని తలుపు తొయ్యకుండా సందులోంచి చూసింది. సొంత ఇంట్లోకి దొంగలా తొంగిచూడాల్సి వచ్చిందే అని ఆమెకే సిగ్గనిపించింది.

పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. మంచం నిలబెట్టి గోడకు ఆనించేశారు. నేల మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. ఆ దుప్పటి నడుమ ఆవపువ్వు రంగు గౌనులో పిన్ని కూతురు నిలబడి ఉంది. ఇంట్లో దాన్ని గువ్వ అంటారు. పంతొమ్మిదేళ్లది, డిగ్రీ రెండో ఏడు. ఎదురుగా ముక్కాలిపీట మీద అత్తగారు రెండు చేతులతో ఫోను పట్టుకుని, ఒక కన్ను మూసుకుని, వీడియో తీస్తోంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆవిడ. ఇంట్లో ఇంత కథ నడుస్తుంటే నోరు ఎలా కట్టుకుందో ఆవిడకే తెలియాలి.

చెయ్యి ఊపకు నానమ్మా అని గువ్వ గొణిగింది. ఊపితేనే బాగుందని నిన్న జనం రాశారు కదే అని ముసలావిడ గర్వంగా అంది. అది ఊపడం కాదు, డెబ్బై మూడేళ్ల చేతి వణుకు. చూసేవాళ్లు దాన్ని కొత్త రకం కెమెరా పనితనం అనుకుంటున్నారు.

పిన్ని కళ్లు కూతురి ముఖం దగ్గర ఆగాయి. నిజం దాచడమెందుకు, ఆ క్షణాన కోపం రాలేదు. ఇది ఇంత అందంగా ఉంటుందా అనిపించింది. మంచి గౌను కొనిపెట్టి ఎన్నేళ్లయిందో లెక్క వేసుకోబోయి మానుకుంది. ఆ తర్వాతే కళ్లు కిందికి దిగి, బల్ల దగ్గర చూసినట్టు చూడడం మొదలుపెట్టాయి.

అంచుకు దుమ్ము అంటకుండా దుప్పటి. మెడకు పౌడరు లేదు. చెమట పట్టకుండా లోపల పల్చటి నూలు బనీను. ముడత పడకుండా కూర్చోవడం లేదు. చేతులు భుజాల కంటే పైకి ఎత్తడం లేదు. కంపెనీ చీటీ తెంపకుండా, దారంతో సహా మెడ వెనక లోపలికి మడిచి పిన్ను పెట్టింది. ఒక్కొక్కటీ చూస్తుంటే పిన్నికి తన గొంతే వినబడినట్టయింది. 'అంచు చూస్తే చాలు, నేల మీద నడిచిందో లేదో చెప్పేస్తా.' 'పౌడరు రాసుకునేవాళ్లు మెడ దగ్గర దొరికిపోతారు.' 'దారం ఒకసారి తెంపి కట్టినా నాకు తెలుస్తుంది.' పని నుంచి వచ్చి భోజనం దగ్గర కూర్చుని ఎన్నిసార్లు చెప్పుకుంది ఈ గొప్పలు! కూతురు గుడ్లప్పగించి వింటుంటే ఎంత మురిసిపోయింది! దొంగకు తాళం చెవుల గుత్తి చేతికిచ్చి, ఇది ఈ గదిది, అది ఆ గదిది అని విడమరిచి చెప్పిన ఇల్లాలు తనే.

తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ముసలావిడ చేతిలోని ఫోను ఒళ్లో పడింది. గువ్వ కదల్లేదు. పారిపోదామన్నా గౌను నేలకు తగులుతుందని దుప్పటి దాటలేకపోయింది.

ముందు నోరు విప్పింది అత్తగారే. పిల్ల తప్పేం లేదు, ఎవరినీ ముంచలేదు, ఇచ్చింది ఇచ్చినట్టే తిప్పి పంపిస్తోంది, ఎనభై వేల మంది చూస్తారట, ఫోన్లో దీని 'రోజుకో రంగు' వీడియోలంటే ఇప్పుడు పిల్లల్లో తెలియనివాళ్లు లేరట అని ఏకధాటిగా చెప్పుకుపోయింది. మీరు కాసేపు ఊరుకోండి అత్తయ్యా అని పిన్ని మెల్లగా అంది. కోడలు గట్టిగా అరిస్తే ముసలావిడ ఎదురు అరిచేదే. మెల్లగా అనేసరికి భయపడి నోరు మూసుకుంది.

"ఎన్ని?" అని అడిగింది పిన్ని.

"నలభై ఒకటి" అంది గువ్వ.

"నా బల్లకే వస్తాయని తెలియదా?"

"తెలుసు. ఎనిమిది బల్లలు కదా, నీ దగ్గరకే రావాలనేముంది అనుకున్నా. వచ్చినా పట్టేసుకుంటావులే అనుకున్నా. పట్టేసుకుంటే బాగుండు అని కూడా అనుకున్నా అమ్మా, చాలాసార్లు. నువ్వు ఎప్పుడూ పట్టుకోలేదు."

ఆ మాటకు పిన్ని మంచం ఆనించిన గోడ పక్కనే కింద కూర్చుంది. నిన్ను పట్టుకోలేకపోయింది నా ముక్కు కాదే, నేనే అనుకుంది.

గువ్వ గౌను విప్పి, చొక్కా వేసుకుని వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. అప్పుడు మొదటినుంచీ చెప్పింది. అది కాలేజీలో చదివేది మొక్కల గురించి. ఏడాది కిందట సరదాగా వీడియోలు పెట్టడం మొదలుపెట్టింది. గోడ పగుళ్లలో మొలిచే మొక్కలు, మురుగు పక్కన పెరిగే ఆకులు, బస్సుల కోసం నిలబడే చోట ఎవరూ చూడకుండా పూసే పువ్వులు, వాటి పేర్లు, వాటి కథలు. అరవై మంది చూసేవాళ్లు. ఆ అరవై మందితోనే దానికి కడుపు నిండినట్టుండేది. ఒకరోజు వాళ్లలో ఎవరో, ఈ అమ్మాయికి ఇంకో డ్రెస్సు లేదా, ఎప్పుడూ ఇదేనా అని రాశారు. ఆ ఒక్క మాటను ఎవరో ఫొటో తీసి అందరికీ పంపితే నాలుగు వందల మంది మెచ్చుకున్నారు.

"మొక్క గురించి నేను చెప్పింది అరవై మంది చూశారమ్మా. నన్ను వెక్కిరించింది నాలుగు వందల మంది చూశారు. మర్నాడు ఫ్రెండు దగ్గర డ్రెస్సు అడిగి తెచ్చుకుని అదే మొక్క గురించి మళ్లీ చెప్పా. ఆరు వేల మంది చూశారు. ఒక్కళ్లు కూడా మొక్క గురించి అడగలేదు."

ఆ తర్వాత మొక్క తగ్గి డ్రెస్సు పెరిగింది. నెల తిరిగేసరికి మొక్క అసలే లేదు. ఒక్కరోజు పాత బట్టలో కనిపిస్తే చూసేవాళ్లు సగానికి పడిపోయేవాళ్లు. ఫోను కూడా దాన్ని వదల్లేదట. కొత్త గౌను తెరిచిన ప్రతిసారీ ఇలాంటివే ఇంకో పది ముందు పెట్టేది, ఏడు రోజులు మీదే, ఏడు రోజులు మీదే అని చెవిలో పోరుపెట్టేది. మొదటిది తిప్పి పంపినప్పుడు మూడు రాత్రులు నిద్రపట్టలేదని చెప్పింది. పదోది పంపేసరికి హాయిగా నిద్రపట్టిందని తనే చెప్పుకుని, తలొంచుకుంది.

పిన్ని ఫోను అడిగింది. గువ్వ ఇవ్వడానికి తటపటాయించింది, చివరికి ఇచ్చింది. జనం రాసిన మాటలు ఒక్కొక్కటీ పైకి జరుపుతూ చదివింది పిన్ని. అబ్బ ఎంత బాగుందో అన్నవాళ్లు, ఎక్కడ కొన్నావని అడిగినవాళ్లు, బొమ్మలు పెట్టినవాళ్లు. ఇన్ని వేల మంది తన కూతుర్ని మెచ్చుకుంటున్నారంటే లోపల ఎక్కడో పొంగింది కూడా. అలా చదువుకుంటూ పోయి ఒక చోట ఆగింది. ఎవరో ఆడపిల్ల, పేరు లేదు, బొమ్మ లేదు.

'అక్కా, నాకు మూడు జతలే ఉన్నాయి. వేసినవే వేసుకొస్తున్నానని క్లాసులో నవ్వుతున్నారు. అందుకని వారానికి మూడు రోజులే కాలేజీకి వెళ్తున్నాను. మీలాగా రోజుకొకటి ఉండాలంటే ఏం చెయ్యాలి?'

అది వచ్చి పద్దెనిమిది రోజులైంది. కింద జవాబు లేదు.

దీనికి ఏం రాశావే అని అడిగితే, రోజూ తెరుస్తున్నా, ఏం రాయాలో తెలియడం లేదు అంది గువ్వ. నిజం రాస్తే తను అబద్ధమని ఎనభై వేల మందికీ తెలిసిపోతుంది. రాయకపోతే ఆ పిల్ల మిగతా రోజులూ ఇంట్లోనే కూర్చుంటుంది.

"నీకెన్ని జతలున్నాయి?" అంది తల్లి.

"నాలుగు."

"ఆ పిల్లకీ నీకూ తేడా ఒక్క జతే."

గువ్వ ఏడ్చింది. చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతే ఎలా ఏడ్చేదో అలాగే, ముక్కు చీదుకుంటూ, ఎక్కిళ్లు పెడుతూ. పిన్ని దగ్గరికి లాక్కుంది. ముసలావిడ కూడా పీట మీద నుంచి జరిగి జరిగి వచ్చి, మనవరాలి వీపు నిమురుతూ, ఆ వెక్కిరించినవాళ్లందరికీ ఎన్నేసి జతలున్నాయో కనుక్కోవాల్సిందే అని శపథం చేసింది. ఏడుస్తూనే గువ్వకు నవ్వొచ్చింది.

నవ్వాక ఇంకో విషయం బయటపెట్టింది. వారం కిందట ఒకావిడ ఫోను చేసిందట. పిన్ని పనిచేసే కంపెనీలోనే ప్రచారాలు చూసే మేడమ్ ఆవిడ. నీ వీడియోలు మాకు చాలా నచ్చాయి, ఏడాది పాటు మా కంపెనీకి ముఖం నువ్వే, వారంలో ఏ సంగతీ చెప్పు అందట. ఆ గడువు రేపు పొద్దున్నతో అయిపోతుంది. గౌన్లు ఇక తిప్పి పంపక్కర్లేదు, అన్నీ వాళ్లే ఇస్తారు. చదువయ్యాక ఉద్యోగం కూడా ఇప్పిస్తారట. చెబుతుంటే ఏడ్చిన కళ్లలోనే చిన్న మెరుపొకటి కదిలింది. పిన్ని దాన్ని చూసింది. ఆర్పడానికి చేతులు రాలేదు.

తర్వాత తన మాట చెప్పింది. ఆకుపచ్చ గౌను ఇంకా బల్ల కింద ఉంది. పది గంటలకు సూపర్‌వైజరు వస్తాడు. అది మా అమ్మాయిదే, ఇలాంటివి తెలియక ఇదివరకు కూడా నా చేత్తో నీలం బుట్టలో వేసి ఉంటాను అని తనే వెళ్లి చెప్పేస్తుంది. వాళ్లు కనిపెట్టి అడిగేదాకా ఆగదు. ఉద్యోగం పోతుందా అని గువ్వ అడిగింది. పోతుంది అంది పిన్ని.

"నా దగ్గరున్నది ఆ ఒక్క పేరేనే. తొమ్మిదేళ్లు కష్టపడి తెచ్చుకున్నా. దాన్ని తాకట్టు పెట్టి ఏం తింటాం?"

ఆ మేడమ్ ఫోను ఎత్తకు, ఈ ముడి విడిపోయాక నింపాదిగా ఆలోచిద్దాం అంది. గువ్వ సరేనంది. ఆవపువ్వు గౌనును గువ్వే మడిచింది. మడతలు కంపెనీవాళ్లు మడిచినట్టే ఉన్నాయి. దాన్ని కవరులో పెట్టి, అంటించకుండా గూట్లో ఉంచి, తల్లి పక్కనే పడుకుంది.

*

మర్నాడు పిన్ని ఏడు గంటలకే బల్ల దగ్గరుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పక్క బల్లావిడ ఒకసారి టీ గ్లాసు తెచ్చి ఏడో నంబరు బల్ల మీద పెట్టి వెళ్లింది. పది గంటలకు సూపర్‌వైజరు వచ్చిన చప్పుడు కాగానే పిన్ని అరలోంచి గౌను తీసి, చేతి మీద వేసుకుని, ఆయన అద్దాల గదిలోకి నడిచింది.

ఈ సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. పైవాళ్లకు కిందివాళ్లకు మధ్య నలిగి నలిగి, ఏ మాటకైనా ముందు నిట్టూర్చి తర్వాత మాట్లాడడం అలవాటైన మనిషి. పిన్ని కూర్చోకుండానే చెప్పేసింది. గౌను ఎవరిదో, ఎన్ని ఉన్నాయో, ఇంట్లో తను చెప్పిన మాటలే కూతురు ఎలా వాడుకుందో, ఏదీ దాచలేదు. తప్పు నాదే, ఎర్ర గుర్తులు వెయ్యండి, నాకు ఏ శిక్ష రాసున్నా వెయ్యండి అంది. ఒక్క విన్నపం మాత్రం చేసుకుంది. పిల్ల పేరు నలుగురిలో పెట్టొద్దని.

ఆయన నిట్టూర్చాడు. లేచి తలుపు మూసి, తన బల్ల మీదున్న కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పాడు. చిన్న జాబితా. తొమ్మిదో పదో అడ్రసులున్నాయి. నాలుగోది పిన్ని ఇంటి అడ్రసు.

"ఈ ఇళ్ల నుంచి వచ్చేవాటికి ఎర్ర గుర్తు పడకూడదని పైనుంచి ఆర్డరు పిన్నీ. నాలుగు నెలలైంది. మీ పక్క బల్లావిడ ఎర్ర బుట్టలో వేసినవి కూడా నేనే తీసి నీలంలో వేశాను."

పిన్నికి ముందు అర్థం కాలేదు. ఆయన నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. మీ అమ్మాయి ఒక్కర్తే కాదు, ఇలా చేసే పిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్లొక గౌను వేసుకుని కనబడితే, అదే గౌను రెండు మూడు వేలు అమ్ముడుపోతుంది. వాడి తిప్పి పంపితే కంపెనీకి పోయేదేముంది? అందుకే ప్రచారాలవాళ్లు చూసీచూడనట్టు వదిలేశారు. వాళ్లెంత దూరం వెళ్తారో చూశారు. బాగా అలవాటు పడ్డాక ఫోను చేశారు.

అంటే తన కూతురు కంపెనీ కళ్లు గప్పలేదు. కంపెనీయే కళ్లు మూసుకుని కూర్చుని, గింజలు చల్లి, గువ్వ ఎప్పుడు వలకు దగ్గరవుతుందా అని చూసింది. నిన్న కూతురి మీద రాని కోపం అప్పుడొచ్చింది పిన్నికి. వచ్చింది గానీ, ఎదుట ఉన్నది ఈ నిట్టూర్పుల మనిషే. ఈయనను ఏమని ఏం లాభం?

ఎర్ర గుర్తు లేకపోతే మరీ మంచిది, నా తప్పు నాకు రాసెయ్యండి, మా అమ్మాయి ఆ మేడమ్‌తో మాట్లాడదు, మాకు ఆ బేరం వద్దు అని చెప్పి పిన్ని లేవబోయింది. సూపర్‌వైజరు ఆమె ముఖంలోకి చూడలేక సొరుగు లాగి, నాలుగు కాగితాలు తీసి ముందు పెట్టాడు.

"మీ అమ్మాయి పొద్దున తొమ్మిదింటికే మేడమ్ దగ్గరికి వచ్చేసింది పిన్నీ."

పిన్ని కాగితాలు దగ్గరికి లాక్కుంది. ఏడాదికి మూడు వందల అరవై ఐదు గౌన్లు. ఒకసారి వేసుకున్నది మళ్లీ వేసుకుని కాలేజీలో గానీ, వీధిలో గానీ కనబడరాదు. మొదటి వీడియో తల్లీ కూతుళ్లిద్దరిదీ. కూతురు వేసుకున్న గౌనును తల్లి ఏడో నంబరు బల్ల దగ్గర వాసన చూసి, నవ్వుతూ, 'తాజాదే' అనాలి. చివరి పేజీలో అచ్చు అక్షరాల కింద, చేత్తో రాసిన రెండు వాక్యాలున్నాయి. ఆ గుండ్రటి రాతకు పలక మీద అక్షరాలు దిద్దించింది పిన్నే.

'మా అమ్మను ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు. ఆమెకు ఏమీ తెలియదు.'

దాని కింద గువ్వ సంతకం. ఆ సంతకం కింద, తల్లి సంతకానికి ఖాళీ గీత.

మొదటి వీడియోలో మీరూ ఉన్నారు కాబట్టి మీ సంతకం లేకపోతే అమ్మాయి పెట్టింది చెల్లదు, చెల్లకపోతే జాబితాలోంచి మీ ఇల్లు తీసేస్తారు, నలభై ఒక్క గౌన్లకూ ఒకేసారి గుర్తులు పడతాయి, డబ్బంతా కట్టమంటారు అని సూపర్‌వైజరు నేల చూపులు చూస్తూ చెప్పాడు. కెమెరావాళ్లు పదకొండింటికి వస్తారు. కలం మూత తీసి కాగితాల పక్కన పెట్టాడు.

పిన్ని కలం ముట్టుకోలేదు. మా అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంది అని అడిగింది.

"పైనే ఉంది. జడ వేస్తున్నారు" అన్నాడాయన. "మీ చేతి మీదున్న ఆ గౌను కోసమే చూస్తున్నారు."